సర్కారు తుమ్మ నీడలో: మెహ్రౌలీ వనాల చరిత్ర

దక్షిణ ఢిల్లీలో మెహ్రౌలీకి, వసంత్ కుంజ్‌కు, జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి నడుమ సంజయ్ వన్ ఉంది. రాజధానిలో ఉదయపు నడకకు అంతకంటె మంచి చోటు నాకు తెలియదు. ప్రవేశద్వారం దాటి పది నిమిషాలు నడిస్తే వాహనాల హోరు సన్నగిల్లి నెమళ్ల అరుపులు వినవస్తాయి. చలికాలంలో పొగమంచు విడిపోయే వేళకు పొదల చాటున మనుబోతులు, నక్కలు కనిపిస్తాయి. ఇంకొంత లోపలికి వెళితే, చెట్ల వేళ్లు పట్టి బీటలు వారిన రాతి ప్రాకారం ఎదురవుతుంది. పదకొండవ శతాబ్దంలో తోమర్లు కట్టారని చెప్పే లాల్‌కోట్, ఆ తరువాత చౌహాన్లు విస్తరించిన ఖిలా రాయ్ పిథోరా - ఈ రెండు కోటల శిథిలాలు అవి. ఢిల్లీ చరిత్ర ఎవరితో మొదలైందని టెలివిజన్ చర్చల్లో గొంతు చించుకునేవారు వాదించేది ఈ రాళ్ల గురించే. వాటి మీదనే నడకకు వచ్చినవారు నీళ్ల సీసా పక్కన పెట్టుకుని కాసేపు సేదతీరుతారు.

ఈ అడవిలో అడుగడుగునా కనిపించే చెట్టు తెలుగువారికి కొత్తది కాదు. ఢిల్లీలో దానిని విలాయతీ కీకర్ అంటారు. మనం సర్కారు తుమ్మ అంటాం. ఉత్తరాది వారు ఆ చెట్టు ఎక్కడి నుంచి వచ్చిందో చూసి పేరు పెట్టారు. మనవారు దానిని ఎవరు తెచ్చారో చూసి పెట్టారు. మనవారికి ఆ సంగతి తెలియడంలో వింత లేదు. మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన ఈ చెట్టును భారతదేశంలో పద్ధతి ప్రకారం తొలుత నాటింది కడప జిల్లా కమలాపురంలోనే. మద్రాసు అటవీశాఖ అధికారి కర్నల్ బెడ్డోమ్ కోరిక మేరకు 1870ల చివర విత్తనాలు తెప్పించి, వంటచెరకు కోసం ఆ కరవు నేలలో వేశారు. అక్కడి నుంచి అది దేశమంతా పాకింది. కొత్త రాజధాని నిర్మాణం నాటికి ఢిల్లీ కొండలకూ చేరింది.

మెహ్రౌలీ పరిసరాల్లోని ఉద్యానాల చరిత్రను చెప్పడానికి సర్కారు తుమ్మ కంటె తగిన ప్రారంభం నాకు తోచలేదు. ఇక్కడి పచ్చదనాన్ని ప్రకృతి ప్రసాదం అనుకోవడం మనకు అలవాటు. నిజానికి దానిలో ప్రతి ఎకరానికీ ఒక ప్రభుత్వ ఉత్తర్వు ఉంది, ఒక సరిహద్దు గీత ఉంది, ఆ గీత అవతలికి వెళ్లిపోవలసి వచ్చిన మనుషులు ఉన్నారు. అదే సమయంలో, ఆ ఉత్తర్వులు లేకుంటే ఈ కొండ ఏనాడో కంకరగా మారి కాంక్రీటులో కలిసిపోయేది. ఈ రెండు సత్యాలనూ ఒక్కసారే పట్టుకుని నడవడం కష్టం. కాని ఒకదానిని వదిలేస్తే ఢిల్లీ అర్థం కాదు.

ఆరావళి పర్వతాలు గుజరాత్‌లో మొదలై రాజస్థాన్, హర్యానాల మీదుగా వచ్చి ఢిల్లీలో అంతమవుతాయి. ఆ తోకనే ఇక్కడ రిడ్జ్ అంటారు. ఉత్తరాన విశ్వవిద్యాలయం వద్ద 87 హెక్టార్లు, నగర మధ్యంలో 864, మెహ్రౌలీ వద్ద 626, దక్షిణాన హర్యానా సరిహద్దు దాకా 6,200 - వెరసి 7,777 హెక్టార్లు అని ప్రభుత్వ లెక్క. మెహ్రౌలీ రిడ్జ్, దాని దక్షిణపు కొనసాగింపు కలిసి నగరానికి నీటిని ఇంకించే నేలగా, థార్ ఎడారి నుంచి వచ్చే ధూళిని ఆపే అడ్డుగోడగా పనిచేస్తున్నాయి.

పూర్వం ఇది దట్టమైన అడవి కాదు. మోదుగ, తెల్లతుమ్మ, ధౌ వంటి కురచ చెట్లు, ముళ్ల పొదలు, వానకాలంలో గడ్డి మొలిచే రాతి నేల. చుట్టుపక్కల పల్లెల పశువులకు అది మేతబీడు. గుజ్జర్లకు, జాట్లకు ఉమ్మడి ఆస్తి. బ్రిటిష్ అధికారుల కళ్లకు మాత్రం అది బోడికొండగా కనిపించింది. పందొమ్మిదవ శతాబ్దం చివరి దశకాల్లో ఉత్తర రిడ్జ్ మీద వనీకరణ ఆరంభమై, 1911లో రాజధాని మార్పు ప్రకటన తరువాత ఊపందుకుంది. వైస్రాయి భవనం వెనుక నేపథ్యం పచ్చగా ఉండాలని కొత్త ఢిల్లీ నిర్మాతలు ఆశించారు. అందుకు పల్లెల పశువులను కొండ ఎక్కనీయకుండా కంచె వేశారు. దేశీయ వృక్షాలు నెమ్మదిగా పెరుగుతాయి, ఆకులు రాల్చి వేసవిలో వట్టిపోతాయి. ఏడాది పొడుగునా పచ్చగా, పశువుల నోటికి చిక్కకుండా, నీరు పోయకున్నా బతికే చెట్టు కావలసి వచ్చింది. సర్కారు తుమ్మ ఆ పనికి సరిపోయింది. తన నీడలో మరే మొక్కనూ సరిగా పెరగనివ్వని ఆ చెట్టు, వచ్చిన నూరేళ్లలోపే కొండను ఆక్రమించుకుంది. ఢిల్లీలో ‘అడవి’ అనే మాటకు నేటి అర్థం ఆ వలస ప్రభుత్వం ఇచ్చినది.

మెహ్రౌలీ చరిత్ర మాత్రం బ్రిటిష్ వారికి ఏడు వందల ఏళ్ల ముందుకు పోతుంది. కుతుబ్ మీనార్‌కు ఆనుకుని దాదాపు 200 ఎకరాలలో విస్తరించిన మెహ్రౌలీ పురావస్తు ఉద్యానంలో ఒక ఉదయం తిరిగితే, భారతదేశపు ముస్లిం పాలకుల కాలం మొత్తం కాళ్ల కిందకు వస్తుంది. ఇక్కడ 1287లో మరణించిన బల్బన్ సమాధి ఉంది. దేశంలో నిజమైన కమాను నిర్మాణానికి తొలి ఉదాహరణల్లో ఒకటిగా వాస్తు చరిత్రకారులు దానిని చూపిస్తారు. లోదీల కాలంలో, 1506లో కట్టిన రాజోంకీ బావోలీ అనే మెట్ల బావి ఉంది. సూఫీ కవి జమాలీ 1528-29లో కట్టించిన మసీదు, ఆ పక్కనే అతని సమాధి, అందులో అతని పక్కన నిద్రిస్తున్న కమాలీ అనే వ్యక్తి ఉన్నారు. కమాలీ ఎవరన్నది చరిత్రకు అందలేదు. అక్బరు కాలపు మహమ్మద్ కులీ ఖాన్ సమాధిని 1840లలో బ్రిటిష్ అధికారి థామస్ మెట్‌కాఫ్ తన విడిది గృహంగా మార్చుకుని దానికి ‘దిల్‌కుషా’ అని పేరు పెట్టుకున్నాడు. సమాధిలో భోజనశాల ఏర్పాటు చేసుకున్న ఆ దొర, చుట్టూ తోట వేయించి, శిథిలాల నడుమ కొత్త శిథిలాలను కూడా కట్టించాడు. దృశ్యం రమ్యంగా ఉండాలని చరిత్రను కల్పించుకునే అలవాటు మనతో మొదలైంది కాదు.

ఈ ఉద్యానాన్ని ఉద్యానంగా తీర్చిదిద్దే పని 1990ల చివర ఆరంభమైంది. అంతకు ముందు ఇది ముళ్ల పొదల నడుమ మరుగునపడిన చోటు. కట్టడాలను గుర్తించి, దారులు వేసి, పలకలు నిలబెట్టిన తరువాతే నగరవాసులు రావడం మొదలుపెట్టారు. దక్షిణ ఢిల్లీలో చరిత్రను చదువుకోవాలనుకునే విద్యార్థికి నేను చూపించే మొదటి తరగతి గది ఇదే.

కాని మెహ్రౌలీలో పచ్చని చోట్లకు రాజులతోనూ అధికారులతోనూ పనిలేని మరో చరిత్ర ఉంది. ఇల్తుత్మిష్ 1230 ప్రాంతంలో తవ్వించిన హౌజ్-ఎ-షంసీ చెరువు, దాని దిగువన మామిడి తోటలు, జలపాతం - ఇవి శతాబ్దాలుగా ఢిల్లీ ప్రజల వర్షాకాలపు విహార స్థలాలు. రెండవ అక్బర్ షా కాలంలో, 1812 నుంచి, ఇక్కడ ‘ఫూల్‌వాలోం కీ సైర్’ అనే పూల ఊరేగింపు ప్రారంభమైంది. పూలతో అల్లిన విసనకర్రలను యోగమాయ ఆలయానికీ, ఖ్వాజా కుతుబుద్దీన్ బఖ్తియార్ కాకీ దర్గాకూ హిందువులు, ముస్లిములు కలిసి తీసుకువెళ్లేవారు. క్విట్ ఇండియా ఉద్యమం వచ్చిన 1942లో బ్రిటిష్ ప్రభుత్వం దానిని ఆపివేసింది. నెహ్రూ చొరవతో 1960లలో మళ్లీ మొదలైంది. ఒక తోట ఒక నగరానికి ఏమివ్వగలదో ఇంతకంటె స్పష్టంగా చెప్పే ఉదాహరణ నాకు కనపడదు.

ఆ రెంటి నడుమ 1948 ఉంది. విభజన హింసలో ఆ దర్గా దెబ్బతింది. మెహ్రౌలీ ముస్లిములు ఇళ్లు విడిచి పోవలసి వచ్చింది. జనవరిలో గాంధీజీ తన చివరి నిరాహారదీక్ష విరమణకు అంగీకరించిన షరతుల్లో, ఆ దర్గా ఉర్సు ఎప్పటిలా నిర్భయంగా జరగాలన్నది ఒకటి. జనవరి 27న ఆయన స్వయంగా మెహ్రౌలీ వచ్చి ఆ ఉర్సులో పాల్గొన్నారు. మూడు రోజుల తరువాత హత్యకు గురయ్యారు.

స్వాతంత్ర్యం తరువాత ఢిల్లీ పంజాబు శరణార్థులతో నిండిపోయింది. పల్లెల పొలాలు కాలనీలయ్యాయి. ఈ విస్తరణను క్రమబద్ధం చేయడానికి 1957లో ఢిల్లీ అభివృద్ధి సంస్థ - డీడీఏ - ఏర్పడింది. అప్పటి నుంచి నేటి దాకా ఈ ప్రాంతపు ఉద్యానాల చరిత్ర అంటే చాలావరకు డీడీఏ చరిత్రే. జాతీయ రాజకీయాలు రాసేవారికి ఇందులో ఒక సూక్ష్మం పట్టుబడుతుంది. రాజ్యాంగంలోని 239ఏఏ అధికరణం ప్రకారం ఢిల్లీలో భూమి అనే అంశం ఎన్నికైన ఢిల్లీ ప్రభుత్వానికి చెందదు, కేంద్రానికి చెందుతుంది. డీడీఏకు అధ్యక్షుడు లెఫ్టినెంట్ గవర్నర్. అడవుల శాఖ ఢిల్లీ ప్రభుత్వానిది, ఆ అడవి నిలిచిన భూమి అనే అంశం కేంద్రం చేతిలోనిది. అంతకంటె ముఖ్యం, ఈ నగరంలో పెద్ద ఎత్తున భూమిని అమ్మేదీ డీడీఏనే, ఉద్యానాలను పెంచేదీ డీడీఏనే. తోటమాలే భూవ్యాపారి కూడా అయిన చోట తోట ఎంత ఉంటుందన్నది ఆ ఏటి ధరల మీద ఆధారపడుతుంది.

సంజయ్ వన్ 1970లలో డీడీఏ చేతుల్లో రూపుదిద్దుకుంది. ఆ దశకపు ఢిల్లీని ఎరిగినవారికి ఆ పేరు ఎక్కడిదో వివరించనక్కరలేదు. అత్యయిక పరిస్థితి కాలంలో రాజధానిలో లక్షన్నరకు పైగా కట్టడాలను కూల్చివేశారని షా కమిషన్ నమోదు చేసింది. నగర సుందరీకరణ అన్న మాట ఆ కూల్చివేతలకు సమర్థనగా నిలిచింది. మురికివాడ పోయిన చోట మొక్క నాటడం, ఆ మొక్కను చూపించి మురికివాడను మరిపించడం - ఈ పద్ధతికి అప్పుడే పునాది పడింది. మాటలు మారాయి గాని పద్ధతి మారలేదు.

ఉద్యానం ఎవరిదన్న ప్రశ్న ప్రాణాల మీదకు వచ్చిన సందర్భమూ ఉంది. 1995 జనవరిలో ఉత్తర ఢిల్లీలోని అశోక్ విహార్‌లో ఒక ఉద్యానవనాన్ని పొరుగునే ఉన్న గుడిసెలవాసులు బహిర్భూమికి వాడుకుంటున్నారని కాలనీవాసులకు కోపం ఉండేది. గుడిసెల్లో మరుగుదొడ్లు లేవు. ఒక ఉదయం అటు వెళ్లిన ఒక యువకుడిని కాలనీవాసులు, పోలీసులు కలిసి కొట్టి చంపారు. నిరసనకు దిగిన గుడిసెలవాసులపై పోలీసులు కాల్పులు జరపగా మరికొందరు మరణించారు. సామాజిక శాస్త్రవేత్త అమితా బావిస్కర్ ఈ ఘటనను ఆధారం చేసుకుని ‘బూర్జువా పర్యావరణవాదం’ అన్న భావనను చర్చించారు. పచ్చదనం, పరిశుభ్రత అనే కోరికలు తమంతట తాము చెడ్డవి కావు. పొరుగువాడికి మరుగుదొడ్డి లేదన్న సంగతిని ఆ కోరికలు చూడనివ్వకపోవడమే చెడు.

ఇదే ప్రశ్న మెహ్రౌలీకి దక్షిణాన మరో రూపంలో తలెత్తింది. అసోలా, మైదాన్ గఢీ, సాహుర్‌పుర్ గ్రామాల ఉమ్మడి భూములను కలిపి 1986లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 1991లో భాటీ గ్రామ భూమినీ చేర్చారు. మొత్తం 32.71 చదరపు కిలోమీటర్లు. భాటీ అంతకు ముందు గనుల గ్రామం. ఢిల్లీలో ఇల్లు కట్టినవారంతా ఎరిగిన ‘బదర్‌పుర్’ ఎర్ర ఇసుక ఈ గనుల నుంచి వచ్చినదే. ఆ గనుల్లో రెక్కలు ముక్కలు చేసుకున్నవారిలో ఎక్కువమంది ఓడ్ కులస్థులు. మట్టి తవ్వడం, రాయి కొట్టడం వారి తరతరాల వృత్తి. ఆ పేరు, ఆ వృత్తి రెండూ విన్న తెలుగువాడికి మన ఒడ్డెరలు గుర్తుకు రాక మానరు. 1990 ప్రాంతంలో గనులు మూతబడ్డాయి. గని కార్మికుల నివాసం ఒక్కరోజులో అభయారణ్యంపై ఆక్రమణగా మారిపోయింది. రిడ్జ్‌ను ఆక్రమణల నుంచి విడిపించాలని 1996లో సుప్రీంకోర్టు ఆదేశించింది. నగరాన్ని కట్టడానికి కొండను తవ్వినవాళ్లు దోషులయ్యారు. ఆ ఇసుకతో కట్టిన ఇళ్లలో ఉన్నవాళ్లు పర్యావరణ ప్రేమికులయ్యారు.

అయితే అసోలాకు నేడు వెళ్లి చూసినవారు ఆ ఉత్తర్వును సులభంగా తప్పుపట్టలేరు. తవ్వి వదిలేసిన లోతైన గుంతల్లో నీరు నిలిచి నీలి సరస్సులయ్యాయి. వలస పక్షులు వస్తున్నాయి. ఇటీవలి సంవత్సరాల్లో చిరుతపులులు కెమెరాలకు చిక్కాయి. రెండు కోట్లకు పైబడిన జనాభా గల మహానగరపు అంచున చిరుత తన పిల్లలతో తిరుగుతున్నదంటే ఆ నేల తేరుకున్నట్టే. గని ఆగకపోతే ఇది జరిగేది కాదు. కార్మికుడికి వేరే బతుకు చూపించి గనిని ఆపి ఉండవచ్చు. ఆ రెండో పని మాత్రం జరగలేదు.

చేయవలసిన రీతిలో చేసిన పని ఎలా ఉంటుందో వసంత్ విహార్ పక్కనున్న ఆరావళి జీవవైవిధ్య ఉద్యానం చూపిస్తుంది. సుమారు 690 ఎకరాల ఈ నేల కూడా ఒకనాడు గనులతో గాయపడినదే. ఢిల్లీ విశ్వవిద్యాలయ వృక్షశాస్త్ర ఆచార్యుడు సి.ఆర్. బాబు బృందం, డీడీఏతో కలిసి 2004 ప్రాంతంలో ఇక్కడ పని మొదలుపెట్టింది. వారు సర్కారు తుమ్మను ఒక్కసారిగా నరికివేయలేదు. కొమ్మలు తగ్గించి వెలుతురు రానిచ్చి, ఆ వెలుతురులో ఆరావళి స్వదేశీ జాతులను నాటారు. అవి ఎదిగిన కొద్దీ తుమ్మ తనంతట తానే వెనక్కు తగ్గింది. నూరేళ్ల పొరపాటును సరిదిద్దడానికి ఇరవై ఏళ్ల ఓర్పు కావాలని ఆ ఉద్యానం చెబుతుంది. వసంతకాలంలో అక్కడ మోదుగ పూసినప్పుడు వెళ్లండి. ఢిల్లీ కొండ అసలు రంగు ఏమిటో తెలుస్తుంది.

సంజయ్ వన్‌కు కూతవేటు దూరంలోని నీలా హౌజ్ కథ మరింత చిన్నది, మరింత ఆశాజనకమైనది. తరతరాలుగా చుట్టుపక్కల గ్రామాలకు నీరిచ్చిన ఆ సరస్సు, 2010 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టిన వంతెన నిర్మాణంలో మట్టితో, వ్యర్థాలతో పూడిపోయింది. మురుగు వచ్చి చేరింది. స్థానికులు హైకోర్టుకు వెళ్లారు. ఆ తరువాత రాళ్ల వరుసలు, నీటి మొక్కల ద్వారా మురుగును వడకట్టే పద్ధతితో నీటిని శుద్ధి చేసి సరస్సును బతికించారు. వంతెన మీద వెళ్లేవారికి దాని కింద ఒక చెరువు ఉందని తెలియదు. తెలిసినవారు మెట్లు దిగి వెళ్లి నీటికోళ్లను చూసి వస్తారు.

ఇన్ని మంచి మాటలు చెప్పిన తరువాత వసంత్ కుంజ్ మాల్స్ గురించి చెప్పకపోతే లెక్క సరిపోదు. 1994 మే 24న రిడ్జ్‌ను రిజర్వు అడవిగా ప్రకటించే ప్రక్రియకు ఢిల్లీ ప్రభుత్వం తొలి నోటిఫికేషన్ ఇచ్చింది. ఆ తరువాత దశలో భూహక్కులు తేల్చి తుది ప్రకటన చేయాలి. దానికోసం దశాబ్దాల తరబడి నిరీక్షించవలసి వచ్చింది. పైగా స్వరూపంలో రిడ్జే అయినా నోటిఫికేషన్ పటంలోకి ఎక్కని భూమి చాలా మిగిలిపోయింది. వసంత్ కుంజ్ వద్ద అటువంటి భూమినే డీడీఏ మాల్స్ కోసం వేలం వేసింది. పౌరులు ఆందోళన చేశారు. ఆ స్థలంలో నిర్మాణం పర్యావరణ రీత్యా సరికాదని, అయితే అప్పటికే భారీగా ఖర్చయిపోయిందని కేంద్రం నియమించిన నిపుణులు చెప్పారు. 2006 అక్టోబరులో సుప్రీంకోర్టు నిర్మాణాలను కొనసాగనిచ్చింది. దేశంలో ఎక్కడైనా సరే, ముందు కట్టెయ్, తరువాత అనుమతి అడుగు అన్న నీతికి అది బలాన్నిచ్చింది. గని కార్మికుడి గుడిసెకు మాత్రం ‘ఇప్పటికే ఖర్చయిపోయింది’ అన్న వాదన ఏనాడూ పనికి రాలేదు.

ఇక వర్తమానానికి వద్దాం. 2023 ఫిబ్రవరిలో, జీ-20 సదస్సుకు రాజధాని ముస్తాబవుతున్న ఏడాదిలో, మెహ్రౌలీ పురావస్తు ఉద్యానపు భూమి తిరిగి స్వాధీనం చేసుకోవాలని డీడీఏ బుల్‌డోజర్లను పంపింది. కొన్నేళ్లుగా పన్నులు కడుతున్నామని, దస్తావేజులు ఉన్నాయని నివాసులు మొరపెట్టుకున్నారు. కొన్ని రోజుల కూల్చివేతల తరువాత హద్దులను తిరిగి కొలవాలని ఆదేశాలు వచ్చాయి. హద్దులు ముందు కొలిచి తరువాత కూల్చడం గాక, ముందు కూల్చి తరువాత కొలవడం జరిగింది.

2024 జనవరి 30న సంజయ్ వన్‌లోని అఖూంద్‌జీ మసీదును, దానిని ఆనుకుని ఉన్న మదరసాను, సమాధులను డీడీఏ నేలమట్టం చేసింది. రిజర్వు అడవిలో అక్రమ నిర్మాణాల తొలగింపు అన్నది సంస్థ వాదన. ఇక్కడ రిజర్వు అడవి అన్న మాట వచ్చింది 1994లో. ఆ మసీదు ప్రస్తావన 1922 నాటి పురావస్తుశాఖ జాబితాలోనే ఉంది, దానికి 1853-54లో మరమ్మతు జరిగినట్టు కూడా. అడవి మసీదు చుట్టూ వచ్చిందే గాని మసీదు అడవిలోకి రాలేదు. నిర్మాణం వారసత్వ విలువ గలదా కాదా అన్నది నిపుణులు తేల్చవలసిన విషయం. ఆ తేల్చడం సూర్యోదయానికి ముందు యంత్రాలతో కాక పగటివేళ పత్రాలతో జరగవలసింది. గాంధీజీ కాపాడాలని కోరిన దర్గా అక్కడికి దగ్గరలోనే ఉంది. ఆ తేదీని ఎవరు ఎంచుకున్నారో గాని, అది ఆయన వర్ధంతి.

అదే ఏడాది ఫిబ్రవరిలో దక్షిణ రిడ్జ్‌లో చెట్లు కూలాయి. మైదాన్ గఢీ వద్ద కేంద్ర సాయుధ పోలీసు దళాల వైద్య విజ్ఞాన సంస్థకు దారి వెడల్పు చేయాలి. చెట్లు కొట్టడానికి సుప్రీంకోర్టు అనుమతి తప్పనిసరి. ఆ అనుమతి రాకముందే దాదాపు 1,100 చెట్లను నరికేశారు. అనుమతి కోరినప్పుడు ఆ విషయం కోర్టుకు చెప్పలేదు. 2025 మేలో సుప్రీంకోర్టు ఇది కోర్టు ధిక్కారమేనని తేల్చింది. జవాన్ల కుటుంబాలకు ఆసుపత్రి అవసరాన్ని పరిగణించి, బాధ్యులైన అధికారులకు 25,000 రూపాయల చొప్పున జరిమానా విధించి, 185 ఎకరాలలో వనీకరణ చేయాలని ఆదేశించింది. ఆ రోడ్డు వెడల్పు వల్ల లాభపడిన సంపన్నులను గుర్తించి వారి నుంచి సొమ్ము రాబట్టాలని కూడా చెప్పింది. రోడ్డు ఎవరి ఫామ్‌హౌసుల పక్కగా పోతుందో ఛత్తర్‌పుర్ వైపు ఒకసారి వెళ్లి చూసినవారికి ఆ వాక్యం ఎందుకు రాయవలసి వచ్చిందో అర్థమవుతుంది.

ఈ మూడు ఘటనలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మూడింటా ఉన్నది ఒకే సంస్థ. ఒకచోట అడవి పేరిట ఇళ్లు కూలాయి, ఒకచోట అడవి పేరిట మసీదు కూలింది, మూడోచోట సాక్షాత్తు అడవే కూలింది. అడవి అనే మాటకు స్థిరమైన అర్థం ఉంటే ఇది సాధ్యం కాదు.

ఆ అర్థాన్ని స్థిరపరచే ప్రయత్నం జరగకపోలేదు. గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు, రికార్డుల్లో పేరు, యాజమాన్యం ఏదైనా, నిఘంటువు అర్థంలో అడవి అయినది అడవే అని చెప్పింది. దాదాపు మూడు దశాబ్దాల తరువాత, 2025 వసంతంలో ఆ ప్రశ్న హైదరాబాద్ శివారుకు చేరింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలు రెవెన్యూ భూమి అని ప్రభుత్వం, అడవి అని విద్యార్థులు వాదించారు. సెలవుల వేళ యంత్రాలు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను నిలిపివేసింది. తెలుగునేల మీద నుంచి ఆ వార్తలు చదువుతున్నప్పుడు నాకు మైదాన్ గఢీయే గుర్తుకు వచ్చింది. కంచ అంటేనే పశువులు మేసే బీడు. అసోలా ఉమ్మడి భూమి ఏమిటో కంచ గచ్చిబౌలి కూడా అదే. పల్లెది అయినది ప్రభుత్వానిదైంది, ప్రభుత్వానిది అయినది వేలం పాటకు వచ్చింది.

మెహ్రౌలీ వనాల చరిత్ర నుంచి నేను నేర్చుకున్నది ఇంతే. ప్రభుత్వం లేకుండా అడవి నిలవదు. గనులను ఆపినది, అభయారణ్యాన్ని ప్రకటించినది ప్రభుత్వమే. కాని ప్రభుత్వం ఒక్కటే కాపలా కాస్తే అడవి మిగలదు. నీలా హౌజ్‌ను బతికించింది కోర్టుకెక్కిన పొరుగువారు. ఆరావళి ఉద్యానాన్ని బతికించింది ఓర్పుగల శాస్త్రజ్ఞులు. మాల్స్ వచ్చినచోట, చెట్లు కూలినచోట సరిహద్దు పటం ఎవరికీ కనబడనంత దూరంలో, సంబంధిత కార్యాలయపు బీరువాలో ఉంది. పటాన్ని పార్కు గేటు దగ్గర పెట్టమని అడగడం చిన్న కోరికలా కనిపిస్తుంది. ఏ సర్వే నంబరు, ఎప్పుడు ఏ ఉత్తర్వుతో కలిసింది, అంతకు ముందు ఎవరిది, ఇప్పుడు హద్దు ఎక్కడ - ఈ నాలుగు సంగతులు ప్రతి ఉద్యానం ముందూ రాసి ఉంటే, ఇంటిని గాని మసీదును గాని చెట్టును గాని చీకట్లో కూల్చడం కష్టమవుతుంది.

కిందటి చలికాలంలో ఒక ఉదయం సంజయ్ వన్‌లో ఒక ముసలామె తుమ్మ పుల్లలు ఏరుతూ కనిపించింది. కాపలాదారు వచ్చి మోపు దింపించాడు. కసిరినా కొట్టలేదు, నిబంధన చెప్పాడు. ‘ఇది సర్కారీ కట్టె’ అన్నాడు. ఆమె మోపు అక్కడే వదిలి, రెండు పుల్లలు చేతికర్రలా పట్టుకుని వెళ్లిపోయింది. పేదల పొయ్యిలోకి వంటచెరకు కావాలనే సాకుతో నూటయాభై ఏళ్ల కిందట కడప నేలలో పడిన విత్తనం అది. మోపు రెండు రోజుల తరువాత కూడా అక్కడే ఉంది. మూడోనాడు చెత్త బండి వచ్చి తీసుకుపోయింది.